పిల్లల నోట్‌బుక్కుల్లో తప్పులు మాయమయ్యాయి. మీ క్లాసుల్లో ఎలా ఉంది?

లెక్కలటీచర్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. పదహారేళ్లుగా లెక్కలు చెబుతున్నాను, ఎక్కువగా ఎనిమిది, తొమ్మిది తరగతులకి. కొన్నాళ్లుగా ఒక విషయం మనసులో నలుగుతోంది. నాలాంటి అనుభవం ఉన్నవాళ్లు ఇక్కడ ఉంటారని రాస్తున్నాను.

హోంవర్క్ దిద్దడమంటే నాకు టిక్కులు పెట్టడం కాదు. ఏ పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో నాకు తెలిసేది అక్కడే. ఎక్స్ ప్లస్ 3 హోల్ స్క్వేర్ ఎంత అని ఇస్తే ఏటా సగం క్లాసు ఎక్స్ స్క్వేర్ ప్లస్ 9 అని రాస్తుంది, మధ్యలో రావాల్సిన 6 ఎక్స్ వదిలేస్తుంది. ఆ తప్పు చూడగానే రేపు ఏం చెప్పాలో నాకు అర్థమైపోతుంది. తప్పు కూడా అందరిదీ ఒకేలా ఉండదు. ఒకరు గుర్తు మర్చిపోతారు, ఒకరు 6 బదులు 3 వేస్తారు, ఒకరికి అసలు స్క్వేర్ అంటేనే ఏమిటో తెలియదు.

ఈసారి 42 నోట్‌బుక్కులు దిద్దితే ఆ తప్పు ఒక్కదాంట్లోనే కనబడింది. మొదట సంతోషించాను. మర్నాడు ఒక అబ్బాయిని బోర్డు దగ్గరికి పిలిచి ఎక్స్ ప్లస్ 5 హోల్ స్క్వేర్ చేయమన్నాను. ఎక్స్ స్క్వేర్ ప్లస్ 25 అని రాసి, చాక్‌పీసు పట్టుకుని నా మొహం వైపు చూస్తూ నిలబడ్డాడు. వాడి నోట్‌బుక్కులో అదే రకం లెక్కలు పది ఉన్నాయి, పదీ కరెక్టే. వెనక్కి వెళ్లి మళ్లీ చూశాను. పదకొండు పుస్తకాల్లో స్టెప్పులు మాటకు మాట ఒకేలా ఉన్నాయి. అడిగితే, “ఫోటో తీస్తే ఫోన్ చేసి పెట్టింది మేడమ్” అన్నాడు. అబద్ధం చెప్పలేదు, అందుకు మెచ్చుకున్నాను కూడా.

నాకు కోపం రాలేదు, దిగులేసింది. వాడి తప్పు నాకు ఇక కనబడదు. కనబడని తప్పును దిద్దేదెలా? మీరేం చేస్తున్నారో చెప్పండి.

ఇద్దరుపిల్లలఅమ్మ

టీచర్ గారూ, మీరు రాసింది చదువుతుంటే మా ఇల్లే గుర్తొచ్చింది. మా పెద్దమ్మాయి ఇదివరకు గంటన్నర పట్టే హోంవర్క్ ఇప్పుడు ఇరవై నిమిషాల్లో ముగిస్తోంది.

కానీ ఇంకో మాట కూడా చెప్పాలి. అదే ఫోన్ మొన్న రాత్రి దానికి కిరణజన్య సంయోగక్రియ గురించి ఐదు రకాలుగా వివరించింది. నాకు ఆ పాఠం రాదు. వాళ్ల నాన్నకీ రాదు. అమ్మాయి “అర్థం కాలేదు” అన్నప్పుడల్లా ఫోన్ ఇంకో ఉదాహరణతో మళ్లీ మొదలుపెట్టింది, ఒక్కసారి విసుక్కోలేదు. క్లాసులో మళ్లీ అడగాలంటే పిల్లకి సిగ్గు, ఎవరైనా నవ్వుతారేమోనని భయం. ఫోన్‌ను అడగడానికి ఆ భయం లేదు. లాక్కుందామని చెయ్యి చాపి, అది చూసి ఆగిపోయాను.

పాతకాపు

టీచర్లకు శిక్షణ ఇచ్చే పనిలో చాలాకాలం ఉన్నాను. కొంచెం వెనక్కి వెళ్లి మాట్లాడతాను, ఓపిక పట్టండి.

1953లో బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన కూతురి లెక్కల క్లాసు చూడడానికి వెళ్లాడు. అక్కడ ఆయన్ని కలవరపెట్టినవి రెండు. లెక్క తప్పో ఒప్పో పిల్లలకు వెంటనే తెలియడం లేదు. అందరూ ఒకే వేగంతో నడవాల్సి వస్తోంది, వచ్చినవాడు ఖాళీగా కూర్చుంటాడు, రానివాడు వెనకబడతాడు. ఆ తర్వాత ఆయన బోధన యంత్రం తయారుచేశాడు. ఒక పెట్టె, దాని కిటికీలో ప్రశ్న. పిల్లవాడు కాగితం మీద జవాబు రాయాలి. రాశాక మీట కదిపితేనే సరైన జవాబు కనబడుతుంది, అప్పటికి తను రాసింది మార్చే వీలుండదు.

1960లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే కంప్యూటర్ బోధన వ్యవస్థ మొదలైంది. 1970ల నాటికే దానికి టచ్ స్క్రీన్ ఉంది, ఇప్పుడు మనం రాసుకుంటున్నట్టు చర్చలు రాసుకునే ఏర్పాటూ ఉంది. 2011లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు కృత్రిమ మేధ కోర్సును ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడితే 1,60,000 మందికి పైగా చేరారు. పూర్తిచేసినవాళ్లు 20 వేల పైచిలుకు. మంచి పాఠం ఉచితంగా దొరికినా, దాన్ని చివరిదాకా చదివించే శక్తి పాఠానికి లేదని అప్పుడే తేలిపోయింది.

నేను చెప్పదలచుకున్నది స్కిన్నర్ పెట్టె గురించి. ఆయన సిద్ధాంతాలతో నాకు చాలా పేచీలున్నాయి. కానీ ఆ పెట్టెలో ఒక క్రమం ఉంది: ముందు నీ జవాబు రాయి, ఆ తర్వాతే సరైనది చూడు. ఫోటో తీసి జవాబు తెచ్చుకోవడంలో ఆ క్రమం తలకిందులైంది. లెక్కలటీచర్ గారి బాధ అంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

చివరిబెంచి

నేను స్టూడెంట్‌ని, డిగ్రీ మొదటి సంవత్సరం. పెద్దవాళ్ల మధ్యలో మాట్లాడుతున్నాను, ఏమీ అనుకోకండి.

మేడమ్, మేము ఎందుకు అలా చేస్తామో నిజంగా చెప్తాను. బద్ధకం కొంత ఉంటుంది, కాదనను. కానీ స్కూల్లో ఉన్నప్పుడు ఒక్కరోజులో ఐదు సబ్జెక్టుల హోంవర్క్ ఇచ్చేవాళ్లు. ఎవరూ చదవరు, ‘కంప్లీట్’ అయిందా లేదా అనే చూస్తారు. తప్పు రాస్తే మార్కు పోతుంది, కాపీ కొట్టి కరెక్టు రాస్తే మార్కు వస్తుంది. అలాంటప్పుడు తప్పు రాయడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? మీరు తప్పు చూడాలనుకుంటున్నారని మీ క్లాసు పిల్లలకు తెలుసా? మాకైతే ఏ టీచరూ ఎప్పుడూ అలా చెప్పలేదు.

ఇంకోటి. ఫోన్ చేసిన లెక్క చదువుతుంటే ప్రతి లైనూ అర్థమవుతుంది. “ఓహో ఇంతేనా, నాకు వచ్చేసింది” అనిపిస్తుంది. పరీక్ష హాల్లో తెల్ల కాగితం ముందు కూర్చున్నాకే తెలుస్తుంది రాలేదని. ఆ టెన్షన్ నేను రెండుసార్లు అనుభవించాను. మోసం చేస్తున్నామని మాకు అనిపించదు. చదువుతున్నామనే అనుకుంటాం.

భౌతికశాస్త్రం

చివరిబెంచి చెప్పిన “వచ్చేసింది అనిపించడం” మీద మంచి ప్రయోగం ఒకటుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు కొందరు విద్యార్థులతో ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు. ఇంకొందరిని ఒకసారి చదివాక పుస్తకం మూసి గుర్తున్నది రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే మూసి రాసినవాళ్లు ముందున్నారు. కష్టపడి గుర్తుతెచ్చుకుంటే నిలుస్తుంది, సులువుగా కళ్లముందు పెడితే జారిపోతుంది.

కాబట్టి తమ్ముడూ, నీ ఒక్కడి లోపం కాదది. సాఫీగా ఉన్న వివరణ చదివితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

కోడింగ్‌మనిషి

సాఫ్ట్‌వేర్ వైపు నుంచి రెండు ముక్కలు.

ఈ ఏఐ చాట్‌లు లెక్క చేస్తున్నాయనుకుంటాం. అవి చేసేది, అప్పటిదాకా ఉన్న మాటల్ని బట్టి తర్వాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎక్కువో అంచనా కట్టడం. వేల పుస్తకాల్లో ఉన్న రకం లెక్కయితే అంచనా బాగా కుదురుతుంది. కొత్త రకం మెలిక ఉంటే అంతే నమ్మకంగా తప్పు చెప్పగలవు. ఇప్పుడు చాలావాటికి లోపల కాలిక్యులేటరు, ప్రోగ్రాం నడిపే సదుపాయం జోడించారు కాబట్టి కూడికల్లో తప్పులు తగ్గాయి. కానీ గొంతులో తడబాటు మాత్రం ఉండదు, తప్పు చెప్పినప్పుడు కూడా. తెలియనప్పుడు మనిషి నసుగుతాడు, దాన్నిబట్టి మనం జాగ్రత్తపడతాం. ఇక్కడ ఆ సూచన లేదు.

రెండోది, మీ ప్రశ్నకు సూటిగా సంబంధించింది. టర్కీలో వెయ్యి మందికి దగ్గరగా హైస్కూలు పిల్లలతో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసిన ప్రయోగం 2024లో బయటికొచ్చింది, అదీ లెక్కల్లోనే. ఒక గుంపుకి మామూలు చాట్ ఇచ్చారు. ఇంకో గుంపుకి జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మార్చిన చాట్ ఇచ్చారు. మూడో గుంపుకి పుస్తకం, నోట్సు తప్ప ఏమీ లేవు. సాధన చేసేటప్పుడు మామూలు చాట్ ఉన్నవాళ్లు మూడో గుంపు కంటే 48 శాతం మెరుగ్గా చేశారు, సూచనల చాట్ ఉన్నవాళ్లు 127 శాతం మెరుగ్గా చేశారు. ఆ తర్వాత అన్నీ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్ వాడినవాళ్లు, అసలేమీ వాడనివాళ్ల కంటే 17 శాతం వెనకబడ్డారు. సూచనల చాట్ గుంపుకి ఆ నష్టం దాదాపు కనబడలేదు.

రెండు చాట్‌ల వెనకా ఉన్నది ఒకే మోడల్, అంటే మాటల్ని అంచనా కట్టే ఆ ప్రోగ్రాం. దానికి ముందుగా ఏం చెప్పి పెట్టారన్నదే తేడా.

లెక్కలటీచర్

కోడింగ్‌మనిషి గారూ, ఆ సూచనల చాట్‌కి ఏం చెప్పి పెట్టారో తెలిస్తే రాయండి. నాకు అదే కావాలి.

చివరిబెంచీ, నువ్వు అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోయాను. తప్పు రాసినా ఫరవాలేదు అని క్లాసులో నోటితో అంటూనే ఉంటాను. కానీ ఎర్ర పెన్నుతో కొట్టివేస్తాను, పదికి ఆరు వేస్తాను. పిల్లలు నమ్మేది ఆ ఆరునే. ఇది నేను మార్చుకోవాలి.

కోడింగ్‌మనిషి

ప్రతి లెక్కకీ సరైన సాధన, ఆ లెక్కలో పిల్లలు మామూలుగా చేసే తప్పులు, ఏ తప్పుకి ఏ సూచన ఇవ్వాలి అన్నవి అందులో ముందే పెట్టారు. పూర్తి జవాబు ఇవ్వకూడదన్న నిబంధన కూడా. ఆ తప్పుల చిట్టా రాయడానికి టీచర్ల సాయం తీసుకున్నారు. మేడమ్, మీరు మొదటి పోస్టులో చెప్పారు చూడండి, గుర్తు మర్చిపోయేవాడు, 6 బదులు 3 వేసేవాడు అని. సరిగ్గా ఆ జ్ఞానమే అక్కడ పనికొచ్చింది. అది మోడల్ దగ్గర లేదు, మీ దగ్గరుంది.

పాతకాపు

దీనికి ఊతంగా ఒకటి. 1984లో బెంజమిన్ బ్లూమ్ అనే విద్యా పరిశోధకుడు ఒక వ్యాసం రాశాడు. ఒక్కొక్కరికి విడిగా పాఠం చెబితే సగటు పిల్లవాడు కూడా మామూలు క్లాసులో 98 శాతం మందిని దాటిపోతాడని అందులోని మాట. కంపెనీలు ఇప్పటికీ ఆ మాట చూపించి యాప్‌లు అమ్ముతున్నాయి. తర్వాత వచ్చిన పరిశోధనల్లో అంత పెద్ద లాభం కనబడలేదు. 2011లో కర్ట్ వాన్‌లెన్ అనే పరిశోధకుడు చాలా అధ్యయనాలను కలిపి చూస్తే, చివరి జవాబు ఒక్కటే సరిచూసే ప్రోగ్రాముల వల్ల లాభం కొంచెమే ఉంది. పిల్లవాడు వేసే ప్రతి మెట్టునీ సరిచూసేవి మాత్రం మనిషి విడిగా చెప్పే ట్యూషన్‌కి చాలా దగ్గరగా వచ్చాయి.

అంటే తెలివైన యంత్రమా కాదా అన్నది తర్వాతి సంగతి. పిల్లవాడు మెట్లు తనే ఎక్కుతున్నాడా, ఎక్కేటప్పుడు పక్కన ఎవరైనా చూస్తున్నారా, అది ముఖ్యం.

వ్యాసాలమాస్టారు

మీకు లెక్కల్లో కనీసం బోర్డు ఉంది. నాకు వ్యాసాలు. పిల్లవాడు రాశాడో యంత్రం రాసిందో ఎలా చెప్పడం?

“ఏఐని పట్టే సాఫ్ట్‌వేర్ వాడండి” అని సలహా ఇచ్చేవాళ్లకి ఒక మనవి. నా దగ్గర చదివి పైచదువులకు వెళ్లిన అమ్మాయి ఒకతె ఉంది. వ్యాసం తనే రాసింది, నాకు చూపించి మరీ రాసింది. అక్కడ ఆ సాఫ్ట్‌వేర్ “యంత్రం రాసినదే” అని తేల్చింది, వాళ్లు సున్నా వేశారు. చిత్తుప్రతులన్నీ చూపించాక మూడు వారాలకు మార్కులు తిరిగిచ్చారు. ఆ మూడు వారాలూ ఆ పిల్ల సరిగ్గా అన్నం తినలేదు.

ఆ అమ్మాయి రాసింది తన మాతృభాష కాని భాషలో. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటి ఏడు సాధనాలను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్షకు స్వయంగా రాసుకున్న వ్యాసాల్లో సగటున సగానికి పైగా యంత్రం రాసినవని ఆ సాధనాలు చెప్పాయి. తేలిక మాటలతో, చిన్న వాక్యాలతో రాస్తే యంత్రం రాసినట్టు లెక్క! చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా తన సొంత గుర్తింపు సాధనాన్ని కచ్చితత్వం సరిపోక అదే ఏడాది జులైలో తీసేసింది. తయారుచేసినవాళ్లే పట్టలేనిదాన్ని ఆధారం చేసుకుని పిల్లల్ని దొంగలనడం అన్యాయం.

నేను ఇప్పుడు వ్యాసం ఒక్కటే తీసుకోవడం మానేశాను. మొదటి చిత్తు క్లాసులోనే, నా ముందు, చేత్తో రాయాలి. రెండోది ఇంట్లో, కంప్యూటర్లో, ఏ సాయమైనా తీసుకోవచ్చు. మూడోది ఐదు నిమిషాల మాట: ఈ పేరా ఎందుకు తీసేశావు, ఈ మాట ఎందుకు మార్చావు. తను రాసుకున్నది ఎవరైనా చెప్పగలరు. చెప్పలేకపోతే తిట్టను, మళ్లీ రాయమంటాను.

ఇద్దరుపిల్లలఅమ్మ

మాస్టారూ, ఆ అమ్మాయి సంగతి చదివి మనసు చివుక్కుమంది. ఇన్ని తలనొప్పులు ఎందుకు, స్కూళ్లలో ఈ పరికరాలన్నీ పూర్తిగా ఆపేస్తే పోదా? స్వీడన్‌లో 2023లో చిన్న తరగతుల్లో తెరలు తగ్గించి మళ్లీ అచ్చు పుస్తకాలు తెస్తున్నారని చదివాను.

వినిచదివేవాడు

అమ్మా, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. “అన్నీ ఆపేయండి” అని ఎవరు అన్నా నాకు గుండె ఆగినంత పనవుతుంది.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. బడిలో చరిత్ర పాఠాలు చెబుతాను. నేను చదువుకున్న రోజుల్లో పుస్తకం అంటే ఎవరో ఒకరు చదివి వినిపించాలి. వాళ్లకు తీరిక ఉన్నప్పుడే నాకు చదువు. పరీక్ష ముందు రోజు చదివిపెట్టే మిత్రుడికి జ్వరం వస్తే నా సిలబస్ అక్కడితో ఆగిపోయేది. 2006లో చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్లు ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ మొదలుపెట్టారు, ఉచితంగా. తెర మీద ఉన్న అక్షరాన్ని అది గొంతుతో చెబుతుంది. నేను మొట్టమొదటిసారి ఒక పుస్తకాన్ని ఎవరి సాయం లేకుండా, రాత్రి రెండింటికి, నాకు నచ్చిన వేగంలో విన్నాను. ఒక అధ్యాయం నచ్చి మళ్లీ విన్నాను. “ఇంకోసారి చదవరా” అని ఎవరినీ బతిమాలక్కర్లేకపోయింది. ఆ రాత్రిని మర్చిపోలేను.

ఇక్కడున్న టీచర్లందరికీ ఒక విన్నపం. లెక్కలటీచర్ గారూ, ముఖ్యంగా మీకు. సమీకరణాన్ని ఫోటోగా పెట్టి పంపితే స్క్రీన్ రీడర్ “చిత్రం” అని ఒక్క మాట చెప్పి ముందుకెళ్లిపోతుంది. లోపల ఏముందో మాకు తెలియదు. అదే సమీకరణాన్ని మ్యాథ్‌ఎంఎల్ అనే, లెక్కల గుర్తుల్ని కంప్యూటరు చదవగలిగేలా రాసే పద్ధతిలో పెడితే ముక్కముక్కగా వినగలం, భిన్నంలో పైనున్నదేదో కిందున్నదేదో తెలుస్తుంది. ఎడిటర్లో ఈక్వేషన్ బటన్ నొక్కి టైప్ చేస్తే చాలావరకు సరిపోతుంది. మీకు రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. మాకు అది పాఠం ఉండటానికీ లేకపోవడానికీ తేడా.

ఇప్పుడు ఏఐ బొమ్మల్ని కూడా వర్ణించి చెబుతోంది. మ్యాపులు, పాత ఛాయాచిత్రాలు. తప్పులు చెప్పిన సందర్భాలున్నాయి. ఒక గ్రాఫులో పెరుగుతున్న గీతను తగ్గుతోందని చెబితే నేను క్లాసులో అలాగే చెప్పేశాను, పిల్లలు సరిదిద్దారు. అందుకని ముఖ్యమైనవి ఇంకొకరితో సరిచూసుకుంటాను. అయినా దాన్ని వదులుకోమంటే వదులుకోలేను.

ఇద్దరుపిల్లలఅమ్మ

సార్, క్షమించండి. నా పిల్లలే కళ్లముందు ఉండి అలా రాశాను. మీ మాట చదివాక అందరికీ ఒకే కత్తెర పనికిరాదని అర్థమైంది.

నిర్వాహకులు

చర్చ బాగా సాగుతోంది, ధన్యవాదాలు. “ఏ యాప్ మంచిది” అంటూ వచ్చిన ఏడు పోస్టులను యాప్‌ల విభాగానికి మార్చాం. ఇక్కడ బోధన గురించే మాట్లాడుకుందాం.

భౌతికశాస్త్రం

నా క్లాసులో నిజంగా మార్పు తెచ్చినది చాట్ కాదు, సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూసే ప్రయోగాలు. ఫెట్ అని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో కార్ల్ వైమన్ మొదలుపెట్టారు. ఆయన అంతకు ముందు ఏడాదే భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. అన్నీ ఉచితం.

ఒక్క పీరియడ్ సంగతి చెబుతాను. బ్యాటరీ, వైరు, బల్బు. “బల్బుకి ముందున్న వైరులో కరెంటు ఎక్కువా, బల్బు దాటాక ఉన్న వైరులో ఎక్కువా?” అని అడిగాను. తెర మీద స్విచ్ వేయకుండా ముందు అందరినీ చీటీ మీద రాసి బల్ల మీద బోర్లించమన్నాను. మూడొంతుల మంది “బల్బు కొంత తినేస్తుంది కాబట్టి దాటాక తగ్గుతుంది” అని రాశారు. అప్పుడు స్విచ్ వేశాను. తెర మీద చిన్న నీలం చుక్కలు, అవి ఎలక్ట్రాన్లు, బల్బుకి ముందూ వెనకా ఒకే వేగంతో కదిలాయి. అమ్మీటరు రెండుచోట్లా పెట్టాం. ఒకే అంకె.

క్లాసంతా ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత వెనక నుంచి ఒకమ్మాయి, “మరి బల్బు వెలగడానికి ఏం ఖర్చయింది సార్?” అంది. వోల్టేజీ పాఠం మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీద చెప్పాను. చీటీ రాయించకుండా నేరుగా చుక్కలు చూపించిన సెక్షన్‌లో “బాగుంది సార్” అన్నారు కానీ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తెర అదే, పాఠమూ అదే.

మర్నాడు నిజం బ్యాటరీలతో కూడా చేయించాను. సిమ్యులేషన్‌లో వైరు లూజు ఉండదు, తుప్పు ఉండదు. బల్బు ఎందుకు వెలగలేదో వెతుక్కోవడం అనే విద్య చేతికి అంటుకుంటేనే వస్తుంది.

చివరిబెంచి

చీటీ బోర్లించడం అంటే పాతకాపు సార్ చెప్పిన పెట్టె కదా! ముందు రాయి, తర్వాత చూడు.

పాతకాపు

అదే బాబూ.

ఇద్దరుపిల్లలఅమ్మ

రెండు సందేహాలు. ఈ చాట్‌లు ఏ వయసు నుంచి వాడనివ్వచ్చు? మా చిన్నవాడికి తొమ్మిదేళ్లు. రెండోది, తెలుగులో అడిగితే జవాబు ఒక్కోసారి పేలవంగా వస్తోంది, ఎందుకు?

కోడింగ్‌మనిషి

వయసు సంగతి: 2023 సెప్టెంబరులో యునెస్కో ఇచ్చిన మార్గదర్శకాల్లో క్లాసులో ఇలాంటి ఏఐతో పిల్లలు నేరుగా మాట్లాడటానికి కనీసం 13 ఏళ్లు ఉండాలని సూచించింది. తొమ్మిదేళ్ల బాబు అయితే మీరు పక్కన కూర్చుని, మీ చేత్తో అడిగి, ఇద్దరూ కలిసి చదవండి. పేరు, స్కూలు, ఫోటోలు అందులో పెట్టనివ్వకండి.

తెలుగు సంగతి: ముఖ్య కారణం నేర్చుకోవడానికి దొరికిన తెలుగు రాత తక్కువ కావడం. ఇంకోటుంది. కంప్యూటరు లోపల ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. అక్షరాల్ని కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి. ‘క్షి’ అనే ఒక్క అక్షరంలో క, పొల్లు, ష, గుడి అని నాలుగు గుర్తులున్నాయి, మొత్తం 12 బైట్లు. మోడల్ వాక్యాన్ని ముక్కలు చేసేటప్పుడు తెలుగు మాట ఎక్కువ తునకలైపోతుంది. కొత్తవాటిలో ఇది బాగా మెరుగుపడుతోంది.

వ్యాసాలమాస్టారు

అందుకే పిల్లలు మంచి తెలుగు రాసి నలుగురికీ కనబడేలా పెట్టాలని నా పట్టుదల. మా క్లాసు వాళ్లు నెలకొక వ్యాసం తెలుగు వికీపీడియాలో చేర్చడం మొదలుపెట్టారు. ఒక పిల్లవాడు రాసిన వాక్యాన్ని ఎవరో తెలియని మనిషి “ఆధారం ఏది?” అని వెనక్కి తిప్పికొట్టారు. వాడు లైబ్రరీకి పరిగెత్తాడు. నేను పదేళ్లుగా చెబుతున్నా వెళ్లనివాడు.

లెక్కలటీచర్

మూడు వారాల తర్వాత వస్తున్నాను. మీ అందరి మాటలూ కాగితం మీద రాసుకుని కొన్ని చేసి చూశాను.

ముందు హోంవర్క్‌కి మార్కులు తీసేశాను. పది లెక్కలకు బదులు మూడే ఇస్తున్నాను. నీలం పెన్నుతో సొంతంగా చేయాలి, చెరపకూడదు, కొట్టివేయకూడదు. ఆ తర్వాత ఫోన్‌ని అడుగుతారో, అక్కని అడుగుతారో వాళ్లిష్టం, కానీ దిద్దుకోవడం ఆకుపచ్చ పెన్నుతో. నేను ముందు నీలం చదువుతాను, ఆకుపచ్చ చూసేది ఆ తర్వాతే.

ఇంకోటి, ఏఐ చేత జవాబులు కాదు, తప్పులు చేయించాను. “తొమ్మిదో తరగతి పిల్లలు చేసేలాంటి తప్పు సాధనలు ఐదు రాయి” అంటే రాసింది. వాటిలో రెండు నకిలీగా ఉన్నాయి, ఏ పిల్లవాడూ అలా తప్పు చేయడు. వాటి బదులు నా పాత నోట్సులోవి పెట్టాను. క్లాసులో నలుగురేసి కూర్చుని తప్పు ఎక్కడుందో వెతికారు. అంత గోల నా క్లాసులో ఎప్పుడూ వినలేదు, పక్క క్లాసు టీచరు వచ్చి చూసి వెళ్లింది.

అన్నీ కుదిరాయని కాదు. నీలం పెన్నుతోనే ఫోన్ జవాబు దించి, నమ్మకం కలగడానికి మధ్యలో ఒక తప్పు పెట్టినవాళ్లు ఇద్దరున్నారు. అందరినీ బోర్డు దగ్గరికి పిలవాలంటే 42 మందికి టైము చాలదు, వారానికి పదిమందితో సరిపెడుతున్నాను. వినిచదివేవాడు గారూ, వర్క్‌షీట్లు అన్నీ ఈక్వేషన్ ఎడిటర్లో మళ్లీ టైప్ చేశాను. పాతవి ఇంకా మిగిలాయి, సెలవుల్లో చేస్తాను.

ఆ బోర్డు దగ్గర నిలబడిపోయిన అబ్బాయి పుస్తకం నిన్న దిద్దాను. ఎక్స్ ప్లస్ 7 హోల్ స్క్వేర్. నీలం పెన్నుతో ఎక్స్ స్క్వేర్ ప్లస్ 49 అని రాశాడు. దాని కింద, నేను చెప్పకుండానే, ఎక్స్ బదులు 1 వేసి చూసుకున్నాడు. 8 స్క్వేర్ 64. 1 ప్లస్ 49 అంటే 50. ఆ కింద గట్టిగా ఒత్తి రాశాడు: “14 ఎక్కడికి పోయింది?”

ఆకుపచ్చ ఏమీ లేదు. పేజీ అక్కడితో ఆగిపోయింది.

చివరిబెంచి

మేడమ్, దానికి మీరేం రాశారు? టిక్ పెట్టారా?

లెక్కలటీచర్

పెట్టలేదు. “భుజం ఎక్స్ ప్లస్ 7 ఉన్న చతురస్రం గీసి, నాలుగు ముక్కలు చేసి చూడు” అని మాత్రం రాశాను.

ఈరోజు పొద్దున తెచ్చాడు. రెండు దీర్ఘచతురస్రాలకి ఆకుపచ్చ రంగు వేసి, ఒక్కోదాంట్లో 7 ఎక్స్ అని రాశాడు. అడక్కుండానే బోర్డు దగ్గరికొచ్చి చాక్‌పీసు తీసుకున్నాడు.